ఎండయు, మురుగునీరును, ఉదజనియు

1912వ సంవత్సరమున న్యూయార్కు నగరమున రసాయన శాస్త్రజ్ఞుల మహాసభ యొకటి జరిగెను. అందు ఇటలీ దేశస్థుడగు చమీచ్యాను పండితుడు, నేలబొగ్గు ఎన్నటికైనను తరుగక తప్పదనియు, పొగగొట్టములు లేని కర్మాగారములు ఎండుభూములలో వెలయగలవనియు, వానికి సూర్యరశ్మియే వంటచెఱకు కాగలదనియు చెప్పెను. బొలోనాలోని తన విద్యాలయపు మేడపై గాజుకుప్పెలను వరుసగా ఎండలో నుంచి పరీక్షించినవా డగుటచే, ఆయన మాటను వట్టి ఊహ యనరాదు.

అయినను నీటిని విడదీయుటకు ఎండ యొక్కటియే చాలదు. వెలుగు నీటిగుండ పోవునేగాని దాని నంటుకొని పనిచేయదు. నడుమ వెలుగును పట్టి, తాను తరుగక పని జరిపించు ద్రవ్యము కావలెను. పెండ్లి కుదిర్చి తొలగిపోవు పెద్దమనిషివంటి యీ ద్రవ్యమును ఉత్ప్రేరక మందురు.

టోక్యో విశ్వవిద్యాలయమున హోండాగారి శిష్యుడగు ఫుజిషిమా 1967లో దానిని కనుగొనెను. నీటనుంచిన టైటేనియము డయాక్సైడు స్ఫటికముపై వెలుగు ప్రసరింపగా అచ్చట ఆమ్లజనియు, తీగతో కలిపిన ప్లాటినమునొద్ద ఉదజనియు బుడగలై లేచెను. ఇది 1972లో 'నేచర్' పత్రికయందు ప్రకటిత మయ్యెను. మరుసటి యేడే చమురు ధర మిన్నంటుటచే లోకము దీనివైపు చూచెను. ఈ ద్రవ్యము తెల్లరంగులలో వాడునదే. దాని ఖనిజమగు ఇల్మెనైటు మన భీమునిపట్టణపు తీరమందలి నల్లయిసుకలోను గలదు.

1977లో అమెరికాయందు ఫ్రాంకు, బార్డు అనువారు ఈ పొడితోనే నీటిలోని సయనైడు విషమును విరిచిరి. 1980లో జపానునందు కవాయి, సకాటా అనువారు చక్కెర, గంజిపిండి కలిపిన నీటినుండి ఉదజనిని తీసిరి. ఈ చరిత్రలో నిజమైన మలుపు ఇదియే యని నా తలంపు. ఏలయన, వెలుగు తగిలినపుడు పొడియం దొక ఎలక్ట్రాను తన చోటు విడుచును. అచ్చట వెలితి యేర్పడును. ఎలక్ట్రాను ఉదజనిని విడిపించును. వెలితి పూడనిచో అది తిరిగి యందే పడి శ్రమ వ్యర్థమగును. స్వచ్ఛమైన నీరు ఆ వెలితిని పూడ్చుట మిక్కిలి కష్టము. చక్కెర, సారాయివంటి ద్రవ్యములో, సులభముగా పూడ్చి, తాము విరిగి తుదకు బొగ్గుపులుసుగాలిగా మారును. కావున ఇందు మురికియే సహాయము.

చిక్కులును గలవు. గాలి సోకినచో అందలి ఆమ్లజనియే ఎలక్ట్రానులను గ్రహించును. నీరు శుభ్రపడునుగాని ఉదజని రాదు. బురద వెలుగు నడ్డగించును. పైగా టైటేనియము పొడి పట్టునది అతినీలలోహిత కిరణములనే. ఎండలో అవి నూటికి సుమారు 5 వంతులు.

2021లో జపానువారు స్ట్రాంషియము టైటనేటు పొడి పూసిన పలకలను 100 చదరపు మీటర్ల మేర పరచి, ఎండలో ఉదజనిని తీసినట్లు ప్రకటించిరి. పడిన ఎండలో ఉదజనిగా మారినది అధికపక్షము నూటికి 0.76 వంతు, వాడిన నీరును మురుగునీరు కాదు.