వాగ్గేయకారుల పాట – కామాటిపురా వారసత్వం

వాగ్గేయకారుల చరిత్ర అనగానే మన మనస్సు తిరువయ్యారు వైపో, తాళ్లపాక వైపో, భద్రాచలం వైపో పోతుంది. ముంబయిలోని కామాటిపురా వైపు పోదు. అందుకు కారణం అందరికీ తెలిసిందే. ఆ పేటకు పడిన పేరు అటువంటిది. మా తరగతులకు వచ్చిన విద్యార్థులలో ఆ గల్లీలలో పుట్టి పెరిగినవారు కొందరుండేవారు. ఇల్లెక్కడని అడిగితే ఒకరు ముంబయి సెంట్రల్ అనేవారు, ఒకరు నాగ్‌పాడా అనేవారు. కామాటిపురా అని చెప్పినవారు తక్కువ. ఒకసారి త్యాగరాజు మీద పాఠం ముగిశాక ఆ విద్యార్థులలో ఒకడు లేచి, "ఈ సంగీతమంతా మాటుంగావాళ్లది కదండీ, మాకేం సంబంధం?" అని అడిగాడు. ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందుగా పేట సంగతి చూద్దాం. ముంబయి ఒకప్పుడు ఏడు దీవులు. 1780లలో సముద్రపు పోటును ఆపుతూ హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేశాక లోపలి పల్లపు నేలలు క్రమంగా మెరక పడి నివాసానికి పనికివచ్చాయి. కామాటిపురా అటువంటి నేల మీద లేచిన పేట. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి కట్టడపు పనులకు వచ్చిన కూలీలను ఈ నగరం కామాటీలని పిలిచింది. వారు కాపురమున్న చోటికి వారి పేరే స్థిరపడింది. రోడ్లు, రేవులు, పెద్ద పెద్ద భవనాలు లేస్తున్న కాలంలో రాళ్లు మోసిన చేతులలో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. వారిలో కొందరు గుత్తేదారులుగా ఎదిగారు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి ముంబయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారు ఉన్నారు. ఆ పేటలో కొన్ని గల్లీలు పడుపువృత్తికి నెలవు కావడం పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో బలపడిన పరిణామం. పేట పేరు మాత్రం అంతకుముందుది, అది పనివారి పేరు.

1854లో ఈ నగరంలో మొదటి నూలుమిల్లు కంపెనీ ఏర్పడింది. మిల్లులు పెరిగినకొద్దీ తెలంగాణ నుంచి పద్మశాలీలు మగ్గం వదిలి సాంచాల మీద పనికి వచ్చారు. కామాటిపురాతో పాటు లోయర్ పరేల్, వర్లీ చాళ్లలో వారి కాపురాలు వెలిశాయి. 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్లలోనూ తెలుగు కుటుంబాలు చేరాయి. మరో సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించింది ఈ బొంబాయిలోనే. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. తెలుగు నేలకు దూరంగా ఉన్నంతమాత్రాన తెలుగు చరిత్రకు దూరమైనట్టు కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక పాట సంగతి. మన లక్షణ గ్రంథాలు పాటలోని మాటను మాతువు అన్నాయి, స్వరరచనను ధాతువు అన్నాయి. రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. ఈ రెండు మాటలను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఒకే పాటలోని ఈ రెండు భాగాలను వేర్వేరు మనుషులు వేర్వేరు చోట్ల కాపాడుకుంటూ రావచ్చు. ముంబయిలో జరిగింది అదే.

చాల్ అంటే వరుసగా ఒంటిగది ఇళ్లు, వాటి ముందు అందరికీ కలిపి ఒకే పొడుగాటి గ్యాలరీ, చివర ఉమ్మడి కుళాయి. కచేరీ చేసేంత చోటు అక్కడ లేదు. భజనకు మాత్రం ఆ గ్యాలరీయే చాలు. ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. ఒక హార్మోనియం, ఒక డోలక్, నాలుగు జతల తాళాలు ఉంటే పాట నడుస్తుంది. మేము చాళ్లలో విన్న భజనలలో తరచు వినిపించిన పేరు భద్రాచల రామదాసుది. అందులో ఆశ్చర్యం లేదు. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో పాల్వంచ తహసీల్దారు. ప్రభుత్వపు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అతని కీర్తనలు కచేరీ వేదికల కంటే ముందు జనం నోళ్లలో నడిచాయి.

ఒక కీర్తనలో రామదాసు సీతమ్మకూ, లక్ష్మణుడికీ, భరతుడికీ తాను చేయించిన నగలకు ఎంతెంత ఖర్చయిందో లెక్క వేసి రాముణ్ణి నిలదీస్తాడు. ఒకసారి ఒక చాల్‌లో ఈ పాట విన్నప్పుడు మిల్లులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనను దాని అర్థం అడిగాం. "అర్థమేముంది సార్, ఇది బాకీ అడిగే పాట" అన్నాడాయన. రాగం పేరు ఆయనకు తెలియదు. రామదాసు గొంతులోని నిష్ఠూరం మాత్రం ఏ వ్యాఖ్యానమూ లేకుండా తెలిసింది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తర్వాత పని పోగొట్టుకున్న వేలాది మందిలో తానూ ఒకడినని ఆయన ఆ తర్వాత చెప్పాడు.

ఈ పాటలు అక్షరం రాని నోళ్లలో కూడా నిలవడానికి రచనలోనే కారణాలున్నాయి. చరణాలన్నీ సాధారణంగా ఒకే వరుసలో నడుస్తాయి కనుక ఒకటి వస్తే మిగిలినవి వస్తాయి. పాదాదిన రెండో అక్షరంగా వచ్చే హల్లు ఒకటిగా ఉండడాన్ని ప్రాస అంటాం. పాడేవాడు ఒక పాదం మరిచిపోతే ప్రాస దాన్ని అందిస్తుంది. కచేరీ కృతులలో ఎంతో పాండిత్యం చూపిన త్యాగరాజు కూడా దివ్యనామ కీర్తనలనూ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలనూ పదిమంది కలిసి పాడుకోవడానికి వీలుగానే రచించాడు. రామదాసును చెర విడిపించిన సంగతిని ఆయన తన కృతిలో తలచుకున్నాడు కూడా. త్యాగరాజు రామదాసును ఏ వరుసలో చూశాడో ఆ వరుసలోనే చాల్ భజన కూడా నిలుస్తుంది.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఈ సంగీతం ఎవరిది? వాగ్గేయకారుల జీవితాలనే చూడండి. త్యాగరాజు (1767–1847) ఇంటిపేరు కాకర్ల. అది పూర్వులు వదిలి వచ్చిన ఊరి పేరు. ఆయన పుట్టింది తిరువారూరులో, బతికింది తిరువయ్యారులో. చుట్టూ తమిళం, రాజాస్థానంలో మరాఠీ, పాట మాత్రం తెలుగు. శ్యామశాస్త్రి (1762–1827) తంజావూరులో ఉండి తెలుగులో పాడాడు. మువ్వగోపాల ముద్రతో పదాలు చెప్పిన క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుడి (1633–1673) ఆస్థానంలో మన్ననలందుకున్నాడు. ముంబయి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన పేరు మరొకటి ఉంది. శివాజీ మహారాజు సవతి తమ్ముడు వెంకోజీ కుమారుడు శాహాజీ 1684 నుంచి 1712 వరకు తంజావూరును ఏలాడు. మరాఠీ మాతృభాషగా గల ఆ రాజు తెలుగులో పల్లకీ సేవా ప్రబంధం రచించాడు. మహారాష్ట్రంలో తెలుగు మాట్లాడడానికి సంకోచించే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

పాటలను దాచినవారి చరిత్ర ఇంకా గమనించదగ్గది. త్యాగరాజు ఆస్థానాల పిలుపును కాదని ఉంఛవృత్తితో, అంటే వీధిలో పాడుతూ బియ్యం తెచ్చుకుని బతికాడు. ఆయన కృతులను శ్రద్ధగా రాసిపెట్టిన శిష్యులలో ముఖ్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ (1781–1874). ఆయన సౌరాష్ట్ర నేత కులానికి చెందినవాడు. వారి పూర్వులు పడమటి తీరం నుంచి దక్షిణానికి వలస వచ్చిన నేతగాళ్లు, ఇంటి భాష సౌరాష్ట్రి. ఆయనా, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారూ రాసిన ప్రతులు లేకపోతే త్యాగరాజు గురించి మనకు తెలిసింది చాలా తక్కువై ఉండేది. నేతగాళ్లు పడమట నుంచి దక్షిణానికి వెళ్లి తెలుగు పాటను దాచారు. మన పద్మశాలీలు తెలంగాణ నుంచి పడమటికి వచ్చి తెలుగు పాటను వెంట తెచ్చుకున్నారు. దారులు ఎదురెదురు, చేసిన పని ఒకటే.

క్షేత్రయ్య పదాలు నేటికి మిగలడానికి కారణం వాటిని తరతరాలుగా ఆడి పాడిన దేవదాసీలు. సంఘం వారిని వెలివేసినట్టు చూసింది, వారి నోటి పాటను మాత్రం తీసుకుంది. తిరువయ్యారులో శిథిలస్థితిలో ఉన్న త్యాగరాజు సమాధి చుట్టూ గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించింది బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టింది. తన సొంత సంపాదన ధారపోసి ఆ పని చేసింది. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో మళ్లీ అచ్చువేసి నిందలు పడింది కూడా ఆమెయే. నేడు దేశదేశాల నుంచి విద్వాంసులు వచ్చి కూర్చునే ఆ ఆవరణను నిలబెట్టింది, ఆనాటి పెద్దమనుషులు చిన్నచూపు చూసిన స్త్రీ. పేరు పాడైన పేటలో పుట్టామని తలదించుకునే పిల్లలకు ఇంతకంటే చెప్పవలసింది లేదు.

మాటుంగా పట్ల మాకు గౌరవమే తప్ప మరో భావం లేదు. 1952లో ఏర్పడిన షణ్ముఖానంద సభ, 1963లో లేచిన ఆ సభ మందిరం ఈ నగరానికి గొప్ప కచేరీలు వినిపించాయి. తెలుగు మాతృభాష కాని గాయకులు తమ లిపిలో తెలుగు సాహిత్యం రాసుకుని, ఏళ్ల తరబడి సాధన చేసి, రాగాన్నీ సంగతులనూ చెక్కుచెదరకుండా మనకు అందించారు. ధాతువును వారు కాపాడారు. అర్థం తెలియక మాటను తప్పు చోట విరవడం వారి పాటలో అప్పుడప్పుడు వినిపిస్తుంది. చాల్ భజనలో రాగం సాదాగా ఉండవచ్చు, మాట మాత్రం విరగవలసిన చోటే విరుగుతుంది. అక్కడ మాతువు బతికింది. ఈ రెండు చోట్ల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఇక్కడివారు అక్కడికి, అక్కడివారు ఇక్కడికి వెళ్లి వినడం మాత్రం అరుదు.

అయితే చాళ్లలోని ఈ మాతువు ఎంతో కాలం ఇలాగే ఉండదు. మున్సిపల్ తెలుగు మాధ్యమ పాఠశాలలలో పిల్లలు తగ్గుతూ వచ్చారు. మనుమలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవలేరు. వర్లీ బీడీడీ చాళ్లు కూల్చి ఎత్తైన భవనాలు కడుతున్నారు. స్నానాల గది, కుళాయి ఇంట్లోనే ఉండడం మంచిదే, ఆ సుఖం వారికి ఎప్పుడో రావలసింది. కాని గ్యాలరీ పోతే అందులో కూర్చున్న భజన ఎక్కడికి పోవాలన్నది ఎవరో ఒకరు ఆలోచించాలి.

కాబట్టి మా విద్యార్థులకు ఒక పని చెబుతున్నాం. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మనో, తాతనో, పక్క ఖోలీలోని పెద్దవారినో పాడమని అడగండి. రికార్డు చేయండి. తరువాత తెలుగు లిపిలో రాయండి. ఎవరు పాడారు, ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చారు, పాట ఎవరి దగ్గర నేర్చారు అన్న మూడు వివరాలు పైన రాయండి. విన్నది విన్నట్టే రాయండి, అచ్చు పుస్తకం చూసి దిద్దవద్దు. మాట అర్థం కాకపోతే ప్రాస చూడండి. ప్రాస తప్పిన చోట మాట జారిపోయి ఉండవచ్చు. అక్కడ పక్కన గుర్తు పెట్టి మా దగ్గరికి తీసుకురండి.

వాలాజాపేట భాగవతార్ చేసింది ఈ పనే. ఆ కాగితం మీద చిరునామా రాసేటప్పుడు మాత్రం ముంబయి సెంట్రల్ అని రాయకండి. కామాటిపురా అనే రాయండి.