చైతన్యపురి శాసనము – గోవిందరాజవిహారము

కంబుజదేశపు టుత్తరారణ్యసీమలో ప్రేహ్ విహీర్ అను శిఖరాలయము గలదు. అది శైవమైనను పేరిలోని విహీర్ మన విహారశబ్దమే. 2008లో ప్రపంచవారసత్వపట్టిక కెక్కిన యా గుడిని జూడ మనవారును సముద్రములు దాటి పోవుచున్నారు. ఆ శబ్దమునే శిలపై దాల్చిన గుట్ట యొకటి హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి.నగరునకును నడుమనున్న చైతన్యపురిలో గలదని యెందఱెఱుగుదురు?

మూసీతీరమున ఫణిగిరి కాలనీలో కొసగుండ్ల నరసింహస్వామి యాలయమున్నది. కొసనున్న గుండ్లగుటచే నా పేరు వచ్చెనని నా యూహ. అచ్చటి బండపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతశాసనము చెక్కబడినది. పరబ్రహ్మశాస్త్రిగారు దీనిని చదివి ప్రకటించిరి. లిపినిబట్టి యిది క్రీ.శ. 4-5 శతాబ్దులది, హైదరాబాదున వెలువడిన శాసనములలో ప్రాచీనతమమని యెంచబడుచున్నది.

ఇందు గోవిందరాజవిహారము పేర్కొనబడినది. ఈతడు విష్ణుకుండి గోవిందవర్మయే యని పండితుల మతము. పేరొక్కటి కలిసినంతనే నమ్మరాదు గాని, ఆ రాజు దేవి ఇంద్రపాలనగరమున మహావిహారము గట్టించినట్లు తుమ్మలగూడెము తామ్రశాసనము చెప్పుచుండుటచే నీ మతమునకు బలము చేకూరుచున్నది.

నన్నెక్కువగా నాకర్షించినది రాజనామము గాదు, పిండపాతికులను మాట. పిండపాతికుడు విందుపిలుపుల నంగీకరింపడు. ఇంటింట బడిన భిక్షాన్నముతోనే జీవించును. పాలిగ్రంథములలోని 13 ధుతాంగములలో నిది యొకటి. అట్టివారు గుట్టపై నివసించిరనగా, కాలినడకదూరమున బిచ్చమిడు గృహస్థులుండి తీరవలెను. 1591లో నగరము వెలయుటకు బూర్వ మిచ్చట నడవి మాత్రమే యుండెననువారు దీనికేమి సమాధానము చెప్పుదురు? ఆ గృహస్థుల యూరు మూసీ కీయొడ్డుననో యాయొడ్డుననో వెదకవలసియున్నది.