ఫర్ లూపు - దేని కొరకు?

ప్రోగ్రామింగు నేర్చుకునే తొలిరోజుల్లో "ఫర్ ఐ ఈక్వల్స్ 1 టు 10" అన్న వాక్యం దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఫర్ అంటే "కొరకు" అని బడిలో చదువుకున్నవాణ్ణి. ఐ కొరకు ఏమిటి? చిక్కంతా ఆ మాట పుట్టుకలోనే ఉందని తర్వాత తెలిసింది.

పేరుకన్నా పని పాతది. 1843లో ఏడా లవ్‌లేస్, బాబేజీ తలపెట్టిన ఎనలిటికల్ ఇంజనుతో బెర్నూలీ సంఖ్యలు గణించే తీరును వివరిస్తూ, ఒకే క్రియల వరుస మళ్ళీ మళ్ళీ తిరగడం గురించి రాశారు. 1944 నాటి హార్వర్డ్ మార్క్ 1 యంత్రంలోనైతే లూపు కంటికి కనబడేది: ఆదేశాల రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ రెండు కొసలనూ అతికిస్తే, అది దండలా తిరుగుతూనే ఉండేది!

ఇక పేరు. జ్యూరిక్‌లో హైన్జ్ రుటిస్‌హౌజర్ 1951 ప్రాంతంలో తన సంకేతభాషలో "ఫ్యూర్" అనే జర్మన్ మాట వాడారు. "ఐ విలువ 1, 2, 3... అయినప్పుడు" అని చెప్పడానికి గణితంలో వాడే మాటే అది. 1958లో అదే నగరంలో రూపుదిద్దుకున్న అల్గాల్‌లో అది ఆంగ్లంలో "ఫర్" అయింది. అంతకు ముందే, 1957లో, ఫోర్ట్రాన్ "డూ" అంది. నా మట్టుకు అదే సూటి. కానీ 1964లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థుల కోసం చేసిన బేసిక్ "ఫర్"నే తీసుకుంది. తరువాత వచ్చిన సీ భాషా అంతే.

కనుక ఆ వాక్యాన్ని "1 నుంచి 10 వరకు, ఐ ఒక్కొక్క విలువకూ" అని చదువుకోవాలి. అలా చదివిన రోజున పదమూడో ఎక్కం మూడు వరుసల ప్రోగ్రాముతో తెరమీద పడింది. నోటికి మాత్రం నాకది ఇప్పటికీ రాదు.