లినక్స్‌లో భయానక క్రీడలు

మన ఆలంకారికులు భయానకాన్ని నవరసాలలో ఒకటిగా లెక్కించినారు. నిజజీవితంలో ఎవరూ కోరని భయాన్ని కళలో మనిషి కోరి అనుభవిస్తాడని వారు గ్రహించినారు. తోలుబొమ్మలాటకు ఒక దీపం, ఒక తెల్లని తెర, రంగు వేసిన తోలు ఉంటే చాలును. ఆ వెలుగునీడలలో రాక్షసుడు ఊగుతూ వస్తే పిల్లలు తల్లి ఒడిలో ముఖం దాచుకొనేవారు. నేడు కంప్యూటరు తెరపై ఆడే భయానక క్రీడలు ఈ పాత సూత్రాన్నే వాడుకొంటున్నవి. భేదం ఒక్కటే: తోలుబొమ్మలాటలో మనం ప్రేక్షకులం, ఇక్కడ చీకటి గదిలోనికి నడవవలసినది మనమే.

ఈ క్రీడలలో ఒక చిన్న శాఖ కలదు. పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా, కొద్దిమంది కలిసి లినక్స్ కొరకు తయారుచేసి అమ్మిన క్రీడలు అవి. ఉచితంగా లభించే వ్యవస్థను వాడేవారు డబ్బిచ్చి క్రీడలు కొంటారా? ఈ ప్రశ్నకు సమాధానం ఆ శాఖ చరిత్రలోనే ఉన్నది.

స్థానిక క్రీడ అనగా నేమి?

కంప్యూటరు యంత్రభాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ ఒక నిర్వాహక వ్యవస్థ ఉండవలెను. విండోస్ అట్టిది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను లోకానికి ప్రకటించినాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ పథకపు పరికరాలు దానితో చేరగా పూర్తి వ్యవస్థ ఏర్పడినది. దాని మూలరచనను, అనగా సోర్స్ కోడును, ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. తెలుగునాట ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను మన భాషలోనికి తెచ్చుటకు కృషి చేసినది.

ఒక వ్యవస్థ కొరకు తయారైన ప్రోగ్రాము మరొక దానిపై నేరుగా నడవదు. ఫైలు తెరువుమని, బొమ్మ గీయుమని, ధ్వని వినిపించుమని ప్రోగ్రాము చేసే విజ్ఞప్తులు ఒక్కొక్క వ్యవస్థలో ఒక్కొక్క రీతిగా ఉంటవి. లినక్స్‌కు తెలిసిన విజ్ఞప్తులతోనే సిద్ధమైన క్రీడను లినక్స్ స్థానిక క్రీడ అంటారు. దానికి దుబాసీ అక్కరలేదు.

తొలి అడుగులు

1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్’ అనే క్రీడను విడుదల చేసినది. చీకటి నడవలు, మూలల నుండి వినవచ్చే పిశాచాల గురకలు దాని ప్రత్యేకత. మరుసటి ఏటనే డేవ్ టేలర్ దానిని లినక్స్‌కు తెచ్చినాడు. 1997 డిసెంబరులో జాన్ కార్మాక్ మూలరచనను బయటపెట్టినాడు. డాస్ రూపంలోని ధ్వని భాగం ఇతరుల సొత్తు గనుక లినక్స్ రూపాన్నే ఇచ్చినాడు. నాటి యంత్రాలు మూలపడినను డూమ్ నేటికీ క్రొత్త యంత్రాలపై నడుచుటకు ఈ మూలరచనయే ఆధారం.

1998లో అమెరికాలో ఏర్పడిన లోకి సంస్థ పేరుపొందిన క్రీడలను లినక్స్‌కు మార్చి అమ్మ జూచినది. కొనేవారు చాలక 2002లో మూతపడినది. కాని ఆ సంస్థలో పనిచేసిన సామ్ లాంటింగా 1998లో ప్రారంభించిన ఎస్.డి.ఎల్. అనే ప్రోగ్రాముల భాండారం నిలిచినది. ఒకే క్రీడను పలు వ్యవస్థలపై నడుపుటకు అది నేటికీ ఉపకరిస్తున్నది.

చీకటి విలువ

మహానగరాన్ని, సైన్యాన్ని తెరపై చిత్రించుటకు వందలమంది కావలెను. ఒక చీకటి నడవను, తలుపు కిర్రుమనే చప్పుడును కొద్దిమందే సృష్టింపగలరు. కనబడని దానిని ఆటగాని ఊహయే పూరిస్తుంది. చిన్న బృందాలకు భయానకం అనువైన రసం కావడానికి ఇదే కారణం.

స్వీడన్ దేశపు ఫ్రిక్షనల్ గేమ్స్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ బృందం 2007లో ‘పెనంబ్రా ఓవర్‌ట్యూర్’ను, 2010 సెప్టెంబరులో ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ను తెచ్చినది. రెండవది విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఒకేసారి వచ్చినది. అందులో ఆటగాని చేతికి ఆయుధం లేదు. చీకటిలో దాగితే భూతం చూడదు. కాని చీకటిలోనే ఉంటే మతి చలిస్తుంది. వెలుగు కావలెనన్న లాంతరులో నూనె కొంచెమే. ఈ ఇరకాటమే ఆట.

ధరను కొనేవాడే నిర్ణయించిన వేళ

చిన్న తయారీదారు సరకును ఎట్లు అమ్ముకోవలెను? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలోని చదువరులకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. పెద్దకడుబూరుకు సమీపాన ఉన్న ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించినారు. నేతగాడు ఒంటరిగా ఉంటే నూలు ధరను, గుడ్డ ధరను కూడ నడిమి వర్తకుడే నిర్ణయిస్తాడు. పలువురు కలిస్తే ప్రతిఫలం నేసినవాని చేతికి చేరుతుంది.

2010 మే నెలలో వుల్ఫైర్ అనే చిన్న సంస్థ ఇటువంటి ప్రయోగమే చేసినది. పెనంబ్రాతో సహా స్వతంత్ర క్రీడలు కొన్నింటిని ‘హంబుల్ ఇండీ బండిల్’ పేర మూటగట్టి, తోచిన ధర ఇమ్మన్నది. ఆ సొమ్ములో తయారీదారులకు ఎంత, ధర్మకార్యాలకు ఎంత అన్నది కూడ కొనేవారే చెప్పవచ్చును. పది లక్షల డాలర్లకు పైగా వసూలైనది. విండోస్ వాడేవారు ఇచ్చిన సగటు ధరకు దాదాపు రెట్టింపు లినక్స్‌వారు ఇచ్చినారు. ఉచిత వ్యవస్థను వాడేవాడు పైసా ఖర్చు పెట్టడన్న మాట ఆనాటితో వీగిపోయినది. ఇచ్చిన మాట ప్రకారం పెనంబ్రా మూలరచన కూడ లోకానికి విడుదలైనది.

దుబాసీ రాక

2013 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ తన స్టీమ్ అంగడిని లినక్స్‌లో తెరచినది. 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను అందులో చేర్చినది. విండోస్ క్రీడ చేసే విజ్ఞప్తులను అప్పటికప్పుడు లినక్స్ రీతికి మార్చే దుబాసీ ఇది. 1993లో మొదలైన వైన్ దీనికి మూలం. వేలాది క్రీడలు లినక్స్‌వారికి అందినవి. కాని దుబాసీ ఉండగా స్థానిక రూపానికి ప్రత్యేకంగా శ్రమపడుట ఎందుకన్న ఆలోచనకూ దారి ఏర్పడినది. ఫ్రిక్షనల్ వారి ‘అమ్నీషియా: రీబర్త్’ 2020లో లినక్స్ స్థానిక రూపం లేకుండానే వచ్చినది.

స్థానిక రూపం ఉన్నంత మాత్రాన క్రీడ చిరకాలం నిలుస్తుందని చెప్పలేము. వ్యవస్థ మారుతూ ఉంటుంది. పాత ప్రోగ్రాము ఒకనాడు కదలకపోవచ్చును. అప్పుడు దానిని బాగుచేయగలిగేది మూలరచన ఉన్నవారే. అదే 2020 సెప్టెంబరులో ఫ్రిక్షనల్ వారు మొదటి అమ్నీషియా మూలరచనను విడుదల చేసినారు. బొమ్మలు, ధ్వనులు మాత్రం కొనుక్కోవలసినవే. క్రీడ నడిచే తీరును అందరూ నేర్చుకోవచ్చును. సృష్టించినవారికి కూలి కూడ దక్కుతుంది.

కొనేవారు మూడు సంగతులు గమనించవలెను. క్రీడ స్థానికమా, దుబాసీపై నడిచేదా? కొన్న తరువాత దాని ఫైలును మన దగ్గర దాచుకొనవచ్చునా, లేక అంగడి ఖాతా ఉన్నంతవరకేనా? ఇచ్చిన సొమ్ము తయారీదారుకు చేరే మార్గమేది? 2013లో ఆరంభమైన ఇచ్.ఐఓ వంటి అంగళ్ళలో అమ్మకందారే అంగడివారి వాటాను నిర్ణయిస్తాడు. ఇక అమ్నీషియా వంటివి చిన్నపిల్లలకు తగవని ఉపాధ్యాయులు గుర్తుంచుకొనవలెను.

పెద్దకడుబూరు వంటి ఊరిలోని విద్యార్థికి కూడ, ఒక కంప్యూటరు అందుబాటులో ఉంటే, ఈ మూలరచనలు చదువుటకు అడ్డులేదు. 2014లో మూలరచనతో సహా వెలువడిన గొడో వంటి ఉచిత సాధనంతో తానే ఒక చీకటి గదిని నిర్మింపవచ్చును. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛ నిలువవలెనన్న, మెచ్చిన పనికి తగిన వెల ఇచ్చేవారు ఉండవలెను. 2010లో లినక్స్‌వారు చూపినది ఇదే.