భూపేశ్ గుప్తా భవన్‌లో ఒక వారం

2004 ఫిబ్రవరి మొదటి వారంలో ముంబయిలో రెండు డాక్యుమెంటరీ ఉత్సవాలు ఒకేసారి జరిగాయి. ఒకటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ అధీనంలో ఉండిన ఫిల్మ్స్ డివిజన్ అప్పట్లో రెండేళ్లకోసారి నిర్వహిస్తూ వచ్చిన ముంబయి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. రెండోదానికి ప్రభుత్వ నిధులు లేవు, బహుమతులు లేవు, సినిమా థియేటర్ కూడా లేదు. ప్రభాదేవి ప్రాంతంలో, కమ్యూనిస్టు నాయకుడు భూపేశ్ గుప్తా పేరిట ఉన్న భవనంలో ఒక హాలు తీసుకుని, తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి కొందరు చిత్రకారులు తమ సినిమాలు తామే చూపించుకున్నారు. దానికి వారు పెట్టుకున్న పేరు ‘వికల్ప్: ఫిల్మ్స్ ఫర్ ఫ్రీడమ్’. భారత డాక్యుమెంటరీ చరిత్రలో ఆ వారానికి ఉన్న స్థానం అంత చిన్న హాలుకు మించినది.

వివాదం అంతకుముందు ఏడాదే మొదలైంది. 2004 ఉత్సవానికి ఎంట్రీలు ఆహ్వానిస్తూ నిర్వాహకులు ఒక కొత్త నిబంధన పెట్టారు. భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. విదేశీ చిత్రాలకు అక్కరలేదు. అంటే, ఏ దేశ పౌరుల పన్నులతో ఉత్సవం నడుస్తున్నదో ఆ దేశపు చిత్రకారులకే అనుమతి పత్రం కావాలి. బయటివారికి తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. 1990లో ఈ ఉత్సవం ప్రారంభమైన నాటి నుంచి లేని షరతు అప్పుడే ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు అధికారిక సమాధానాలు ఏవైనా, చిత్రకారులు చదువుకున్న సమాధానం మాత్రం ఒక్కటే: గుజరాత్.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2002 మారణకాండ జరిగిన కొద్ది నెలల్లోనే చిన్న డిజిటల్ కెమెరాలతో పలువురు గుజరాత్‌లో తిరిగారు. ఫిల్ము రీలు, ల్యాబు, భారీ యూనిట్ ఏవీ అవసరం లేని రోజులు అప్పుడే వచ్చాయి. ఒక మనిషి, ఒక కెమెరా, ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే రెండు గంటల చిత్రం తయారవుతుంది. ప్రభుత్వాల నియంత్రణ యంత్రాంగం మాత్రం ఇంకా రీళ్ల డబ్బాల కాలంలోనే ఉంది. దానికి తోడు ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘వార్ అండ్ పీస్’ ఉదంతం అందరికీ తాజాగా గుర్తుంది. పోఖ్రాన్, చాగై అణు పరీక్షల తరువాతి యుద్ధోన్మాదంపై తీసిన ఆ చిత్రానికి 2002లో ఇదే ముంబయి ఉత్సవంలో అవార్డు దక్కింది. సెన్సార్ బోర్డు మాత్రం కోతలు కోరింది. వాటి సంఖ్య ఒక దశలో 21కి చేరింది. 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కోత కూడా లేకుండా విడుదలకు వీలు కల్పించింది. ఒక ప్రభుత్వ వేదిక బహుమతి ఇచ్చిన చిత్రాన్ని మరో ప్రభుత్వ సంస్థ కత్తిరించబోవడం పాలకులకు ఇబ్బందికరమే. ఆ ఇబ్బంది తొలగడానికి రెండు మార్గాలున్నాయి. కత్తెర పక్కన పెట్టడం ఒకటి, వేదికకే కత్తెర అమర్చడం మరొకటి. ఎంచుకున్నది రెండోది.

దేశం నలుమూలల నుంచి రెండు వందల మందికి పైగా డాక్యుమెంటరీ చిత్రకారులు ‘క్యాంపెయిన్ అగెనెస్ట్ సెన్సార్‌షిప్’ పేరుతో ఒక్కటయ్యారు. ఒకరి శైలి ఒకరికి నచ్చని, ఒకరి రాజకీయం ఒకరికి గిట్టని వృత్తి అది. అలాంటివారు ఈమెయిళ్ల ద్వారా చర్చించుకుని, బహిష్కరణ హెచ్చరిక చేసేదాకా వచ్చారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి నిబంధనను ఉపసంహరించుకుంది. పోరాటం గెలిచినట్టే కనిపించింది. కానీ ఎంపిక జాబితా వెలువడినప్పుడు మతహింస, కులం, అభివృద్ధి పేరిట నిర్వాసితత్వం వంటి అంశాలపై తీసిన పలు చిత్రాలు అందులో లేవు. వాటిలో గుజరాత్‌పై రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ ఒకటి. ముంబయి కాదన్న ఆ చిత్రాన్ని అదే ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవం స్వీకరించి బహుమతులిచ్చింది. సర్టిఫికెట్ అడిగితే కోర్టులో సవాలు చేయవచ్చు. ‘ఎంపిక కాలేదు’ అన్న మాటను ఏ కోర్టులో సవాలు చేయాలి? నిషేధం కన్నా తిరస్కరణ పాలకులకు ఎప్పుడూ సౌకర్యవంతమైన ఆయుధమే.

భూపేశ్ గుప్తా భవన్ హాలు అవసరమైంది అందుకే. అక్కడి ప్రదర్శనల విశేషం ఏమిటంటే, అది కేవలం తిరస్కృతుల కొలువుగా మిగిలిపోలేదు. అధికారిక ఉత్సవానికి ఎంపికైన వారిలోనూ కొందరు సంఘీభావంగా తమ చిత్రాలను అక్కడి నుంచి ఉపసంహరించుకుని ఇటు వచ్చారు. నినాదాల చిత్రాల పక్కనే నెమ్మదైన వ్యక్తిచిత్రణలు, పరిశోధనాత్మక కథనాల పక్కనే ప్రయోగాలు కనిపించాయి. ప్రతి ప్రదర్శన తరువాత చర్చ ఉండేది. చూడటానికి వచ్చినవారిలో విద్యార్థులు, కార్మిక సంఘాలవారు, పాత్రికేయులు, పక్క ఉత్సవం నుంచి విరామంలో నడుచుకుంటూ వచ్చిన విదేశీ ప్రతినిధులు ఉన్నారు. రెండు ఉత్సవాలలో దేనికి ఎక్కువ పేరొచ్చిందో ఆ వారం పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది.

ఈ చరిత్రకు ఇంకాస్త వెనకటి అధ్యాయం ఉంది. స్వతంత్ర భారతపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవాన్ని 1952 జనవరి 24న బొంబాయిలో ప్రారంభించింది ఇదే ఫిల్మ్స్ డివిజన్. డి సికా ‘బైసికిల్ థీవ్స్’ను అక్కడ చూసిన భారతీయ దర్శకులు ఎందరో తమ సినిమా దారి మార్చుకున్నారు. (మన ‘పాతాళ భైరవి’ కూడా ఆ ఉత్సవంలో ప్రదర్శితమైందన్న సంగతి తెలుగువారికి గర్వకారణం.) విచిత్రమేమిటంటే, బ్రిటిష్ వారి 1918 నాటి చట్టం స్థానంలో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చిందీ ఆ 1952లోనే. ప్రపంచ సినిమాకు కిటికీ తెరిచిన సంవత్సరంలోనే దానికి గొళ్లెం కూడా బిగించారన్నమాట. ఉత్సవాలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని చట్టంలోని 9వ సెక్షన్ కేంద్రం చేతిలో ఉంచింది. మినహాయింపు హక్కు కాదు, దయ. ఆ తేడా దశాబ్దాల పాటు ఎవరికీ పెద్దగా పట్టలేదు, ఎందుకంటే దయ చూపుతూనే ఉన్నారు.

పట్టించుకున్న వ్యక్తి కె.ఎ. అబ్బాస్. మహానగరాల విలాసాన్నీ, వాటిని నిర్మించిన శ్రామికుల దైన్యాన్నీ పక్కపక్కన పెట్టి ఆయన తీసిన లఘుచిత్రం ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’కు బోర్డు అందరూ చూడదగ్గ ‘యు’ సర్టిఫికెట్ నిరాకరించింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం కోతలు లేకుండా సర్టిఫికెట్ ఇస్తానని దిగివచ్చింది. మరొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. అబ్బాస్ ఆగలేదు, ముందస్తు సెన్సార్‌షిప్ రాజ్యాంగబద్ధమేనా అన్న మూల ప్రశ్నను తేల్చమన్నారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నేతృత్వంలోని ధర్మాసనం సెన్సార్‌షిప్‌ను సమర్థించింది. ఇతర కళలకన్నా సినిమా మనసును గాఢంగా కదిలిస్తుందన్నది తీర్పులోని కీలక తర్కం. కదిలించే శక్తి ఉన్నందుకే కట్టడి చేయాలనడం సినిమాకు దక్కిన ప్రశంసో శిక్షో చెప్పడం కష్టం. 2004 నాటి చిత్రకారులు తలపడింది ఈ తీర్పు నీడతోనే.

వికల్ప్ కథను ఒక్క పార్టీ మీద నేరారోపణగా కుదించడం మాత్రం తప్పు. 2004 వేసవి ఎన్నికల్లో వాజ్‌పేయి ప్రభుత్వం ఓడిపోయింది. ‘ఫైనల్ సొల్యూషన్’కు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది ఆ తరువాతే, కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వం గద్దెనెక్కాక. బోర్డు పాతదే కావచ్చు. కొత్త పాలకులు దాన్ని వెంటనే సరిదిద్దలేదన్నదీ నిజమే. దర్శకుడు చిత్రం సీడీలను ఉచితంగా పంచుతూ, తీసుకున్నవారు మరికొన్ని ప్రతులు తీసి పంచాలని షరతు పెట్టాడు. పైరసీని దర్శకుడే కోరి తెచ్చుకున్న అరుదైన సందర్భమది. ఆ ఏడాది అక్టోబరులో నిషేధం తొలగింది. అబ్బాస్ కేసు, ఎమర్జెన్సీ కూడా కాంగ్రెస్ పాలన నాటివేనని గుర్తుంచుకోవాలి. బిహార్ ఉద్యమంపై పట్వర్ధన్ తీసిన తొలి చిత్రం ఎమర్జెన్సీలో రహస్యంగా దేశం దాటాల్సి వచ్చింది.

ప్రభాదేవి హాలు ఖాళీ అయ్యాక ఆ ఆలోచన ఊళ్లు తిరిగింది. బెంగళూరు వంటి నగరాల్లో వికల్ప్ ప్రదర్శనలు జరిగాయి. 2006లో త్రిశ్శూర్‌లో ‘విబ్జియార్’, అదే ఏడాది గోరఖ్‌పూర్‌లో ‘ప్రతిరోధ్ కా సినిమా’ మొదలయ్యాయి. గోరఖ్‌పూర్ నిర్వాహకులు కార్పొరేట్ స్పాన్సర్లను, ప్రభుత్వ గ్రాంట్లను దూరం పెట్టి ప్రేక్షకుల చందాలతోనే ఉత్సవం నడిపారు. కాఠ్మండులో 1997 నుంచి జరుగుతున్న ‘ఫిల్మ్ సౌత్ ఏషియా’ ఉపఖండపు చిత్రకారులకు మరో ఆశ్రయమైంది. అయితే 2013లో శ్రీలంక యుద్ధంపై తీసిన చిత్రాల బహిరంగ ప్రదర్శన అక్కడా ఆగిపోయింది.

ఇక 9వ సెక్షన్ దయ. 2017 జూన్‌లో కేరళ రాష్ట్ర చలనచిత్ర అకాడమీ తిరువనంతపురంలో నిర్వహించిన డాక్యుమెంటరీ ఉత్సవంలో మూడు చిత్రాలకు కేంద్రం సెన్సార్ మినహాయింపు నిరాకరించింది. ఒకటి కశ్మీర్ గురించి, ఒకటి జె.ఎన్.యు. విద్యార్థి ఉద్యమం గురించి, మూడోది హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణానంతర పరిణామాల గురించి. 2024 జనవరిలో, అయోధ్య ప్రాణప్రతిష్ఠకు రెండు రోజుల ముందు, హైదరాబాద్ సైనిక్‌పురిలోని ఒక కెఫేలో కొందరు యువకులు పట్వర్ధన్ 1992 నాటి ‘రామ్ కే నామ్’ ప్రదర్శిస్తుండగా పోలీసులు వచ్చి ఆపించి, నిర్వాహకులను అరెస్టు చేశారు. సెన్సార్ బోర్డు ‘యు’ సర్టిఫికెట్, జాతీయ అవార్డు పొందిన చిత్రమది. కోర్టు ఆదేశంతో దూరదర్శన్‌లో దేశమంతా చూసింది. అప్పుడు తెలంగాణలో అధికారంలో ఉన్నది కాంగ్రెస్.