సొర చేపలు, టేకు చేపలకు రక్షణ ఎలా? చట్టం ఏం చెబుతోంది?

సొర, టేకు చేపలు దగ్గరి బంధువులు. వీటికి ఎముకలు ఉండవు. ఒళ్లంతా మృదులాస్థితోనే నిలబడుతుంది. కోస్తా జిల్లాల్లో సొర పిట్టు అంటే తెలియనివారు తక్కువే. బాలింతలకు పాల సొర వండి పెట్టడం అక్కడి అలవాటు. అయితే ఇప్పుడు ఈ జాతుల్లో చాలావాటికి గడ్డు కాలం వచ్చింది.

ఎందుకు తగ్గిపోతున్నాయి?

చాలా రకాల చేపలు లక్షల్లో గుడ్లు పెడతాయి. సొరలు, టేకులు అలా కాదు. ఆలస్యంగా ఎదుగుతాయి, తక్కువ పిల్లల్ని కంటాయి. మాంటా టేకు సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. అందుకే పట్టినంత వేగంగా ఇవి మళ్లీ పెరగవు. 2021 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం మూడో వంతుకు పైగా జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మితిమీరిన వేటే ప్రధాన కారణం.

చట్టం ఏమంటోంది?

2001లో వేల్ షార్క్‌ను, రంపపు సొరలను, మరికొన్నింటిని కలిపి 10 జాతులను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. రెక్కలు కోసుకుని మొండేన్ని సముద్రంలో పారేయడం ఆపేందుకు, రెక్కలతో సహా చేపను ఒడ్డుకు తేవాలని 2013లో కేంద్రం చెప్పింది. 2015లో రెక్కల ఎగుమతిని నిషేధించింది. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్ జాతులను వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా.

అనుకోకుండా వలలో పడితే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేరే చేపల కోసం వేసిన వలలోనూ సొర పడుతుంది. పెద్ద చేపను వదలాలంటే వల కోయాలి. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

దీనికి గుజరాత్ ఒక దారి చూపింది. ఒకప్పుడు అక్కడ కాలేయ నూనె కోసం, మాంసం కోసం వేల్ షార్క్‌లను వందల్లో చంపేవారు. 2004లో మొదలైన ప్రచారంలో మొరారీ బాపు ఈ చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. దాంతో మత్స్యకారులే వందల సంఖ్యలో వేల్ షార్క్‌లను వదిలిపెట్టారు. మన దగ్గర కూడా 2022లో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి వచ్చిన వేల్ షార్క్‌ను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

ఇంకేం చేయాలి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఉంది. ఏళ్ల తరబడి ఎదిగే సొరలకు అది ఒక్కటే సరిపోదు. పిల్ల సొరలను బతికుండగానే వదిలేయాలి. అవి పుట్టి పెరిగే చోట్ల వేట తగ్గించాలి. వల నష్టానికి పరిహారం ఆలస్యం లేకుండా చేతికందాలి. పూట గడవడం కష్టమైన మత్స్యకారుడిని జైలు పేరుతో భయపెట్టడం ఒక్కటే చాలదు. అతనికి నష్టం రాకుండా చూస్తేనే చేప తిరిగి నీళ్లలోకి వెళుతుంది.