చవక చేతి గడియారాల సేకరణ
తక్కువ ధరకు దొరికే విలక్షణమైన చేతి గడియారాలను దేశదేశాల నుంచి కూడబెట్టే అభిరుచి ఇది. ఖరీదును బట్టి గడియారం గొప్పదనం తేలదనడానికి రష్యాలోని చిస్తోపోల్‌లో 1967లో పుట్టిన వొస్తోక్ ఆంఫీబియా మంచి రుజువు. 200 మీటర్ల లోతును తట్టుకునే ఈ గడియారంలో నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ వెనకమూత రబ్బరు వాషరు మీద మరింత బిగుస్తుంది. కీ ఇచ్చే బొడిపె మర విప్పితే అది వదులుగా ఊగుతుంది. కొత్తవారు లోపమనుకునే ఆ ఊగులాట, దెబ్బ తగిలినా లోపలి ఇరుసు వంగకుండా చేసిన ఏర్పాటు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారం ఇంతకంటే కచ్చితంగా నడుస్తుందన్న ఆక్షేపణ నిజమే. కచ్చితత్వమే కావాలంటే సెల్‌ఫోన్ చాలు. సేకర్తలను ఆకట్టుకునేది పనితనం.

నకిలీల బెడద మాత్రం తీసిపారేయదగ్గది కాదు. మన హెచ్‌ఎంటీ జనతా, పైలట్ గడియారాల డయళ్లకు కొత్తగా రంగు పూసి అసలైనవేనని అమ్మేవారున్నారు. కొనేముందు డయలు మీది అక్షరాల అంచులను భూతద్దంలో చూడాలి. మూత విప్పి యంత్రం చూపించనంటే కొనకపోవడమే మేలు.